చూసే కన్ను, చూపించే చేయి

ఒకప్పుడు మన ఊళ్లకు వార్త మనుషుల నోటనే వచ్చేది. సంతకు పోయినవారు తెచ్చేవారు, బస్సు దిగినవారు చెప్పేవారు, డప్పు కొట్టి ఒకరు వాడవాడలా చాటేవారు. చెప్పిన మనిషి ఎవరో మనకు తెలుసు. ఆ మనిషి మాటలో పాలెంత, నీళ్లెంత అన్నదీ తెలుసు. ఇప్పుడు వార్త అరచేతిలోకి వస్తోంది. బొమ్మతో, శబ్దంతో, ఏడుపులతో సహా వస్తోంది. పంపినది మన మేనమామే కావచ్చు. కాని తీసినవారెవరు, ఎక్కడ తీశారు, ఎందుకు తీశారు అంటే చెప్పగలవారు లేరు. "కళ్లారా చూశాను" అనే మాటకు మన పెద్దలు ఎంతో విలువ ఇచ్చేవారు. ఆ మాటనే ఈనాడు ఫోను మన దగ్గర అరువు తీసుకుని వాడుకుంటోంది.

ప్రియ పాఠకులారా, ఈ నెల మేము మీ ముందు పెట్టదలచిన సంగతి ఇది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత బడిలోనే చిన్న చిన్న వీడియోలు తీయించాలి. తీయించి, వీడియోను ఎలా చూడాలో వారికి నేర్పాలి. "ఉన్న ఫోన్ల గోల చాలదా, మళ్లీ బడిలో కూడానా?" అని కొందరు తల్లులు అనుకుంటారని మాకు తెలుసు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినా చివరివరకు చదవమని కోరుతున్నాం. ఎందుకంటే ఈ విషయంలో మన ప్రాంతమే దేశానికి ఒక పాఠం చెప్పింది.

2018 వేసవి నేర్పిన పాఠం

కొల్లాపూర్ ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు వరకు ఇదీ, వనపర్తి, గద్వాల అన్నీ ఒకే మహబూబ్‌నగర్ జిల్లా. పెళ్లి సంబంధాలు, సంతలు, కూలిపనులు వీటిని ఇంకా ఒకటిగానే కలిపి ఉంచుతున్నాయి. అటు పుట్టిన పుకారు ఇటు రావడానికి ఒక పూట చాలు.

2018 వేసవిలో గద్వాల, వనపర్తి పల్లెల్లో ఒక విచిత్రం జరిగింది. ఎండాకాలం రాత్రుళ్లు ఆరుబయట మంచాలు వేసుకుని పడుకోవడం మనకు అలవాటు. ఆ ఏడు జనం ఉక్కపోతలోనూ తలుపులు బిగించుకుని లోపలే పడుకున్నారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని, మనుషుల్ని చంపి అవయవాలు తీసుకుపోతున్నారని వాట్సాప్‌లో వీడియోలు, ఫొటోలు, గొంతు రికార్డులు తిరిగాయి. ఊళ్లకు వెళ్లివచ్చే కానిస్టేబుళ్లు ఈ మార్పు గమనించి పైవారికి చెప్పారు.

అప్పుడు అక్కడి జిల్లా పోలీసు అధికారిగా ఉన్నవారు రెమా రాజేశ్వరి. వారి పరిధిలో సుమారు 400 గ్రామాలు ఉండేవి. "పుకార్లు నమ్మకండి" అని ఒక ప్రకటన ఇచ్చి ఆమె ఊరుకోలేదు. పోలీసులకు ముందుగా శిక్షణ ఇచ్చి ఊరూరికి పంపారు. వారు ఇంటింటికి వెళ్లి, ఫోన్లో వచ్చిన బొమ్మలు ఎలా అబద్ధమో విప్పి చెప్పారు. డప్పు కొట్టించారు, జానపద పాటలు పాడించారు. ఆ పుకార్ల వల్ల ఆ ఊళ్లలో ఒక్క ప్రాణం కూడా పోలేదు.

మిగతా చోట్ల అలా జరగలేదు. అదే వేసవిలో తెలంగాణలోనే వేరే ప్రాంతాల్లో దారిన పోయేవారిని పిల్లల దొంగలనుకుని కొట్టి చంపారు. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడా అనే ఊళ్లో ఐదుగురిని చంపారు. వారు ఊరూరా తిరిగి బిచ్చమెత్తుకుని బ్రతికే సంచార కులంవారు. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. కట్టడి మంచిదే. కాని ఐదు చోట్లకు పంపాలో వద్దో తేల్చుకోవలసింది మనిషే గదా!

ఆ ముక్కలో లేనిదేమిటి?

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక వీడియో సంగతి వినండి. వీధిలో పిల్లలు ఆడుకుంటున్నారు. మోటారు సైకిలు మీద ఇద్దరు వచ్చి ఒక పిల్లవాడిని ఎత్తుకుని పారిపోయారు. అక్కడితో వీడియో అయిపోయింది. చూసిన ఏ తల్లికైనా గుండె జల్లుమంటుంది.

అసలు వీడియో అక్కడితో అయిపోలేదు. అది పాకిస్తాన్‌లోని కరాచీ నగరంలో, తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ తీయించిన ప్రచార చిత్రం. అందులో ఆ ఇద్దరూ వెంటనే తిరిగి వచ్చి పిల్లవాడిని దించుతారు. బిడ్డను ఎత్తుకుపోవడం ఎంత తేలికో చూడండి, జాగ్రత్తగా ఉండండి అని రాసిన గుడ్డ విప్పి చూపుతారు. ఎవరో ఆ చివరి ముక్కను కత్తిరించి వదిలారు. బిడ్డల్ని కాపాడుకోండి అని చెప్పిన చిత్రం, తోక తెగేసరికి మనుషుల్ని చంపించే చిత్రంగా మారిపోయింది. అలాగే 2013లో సిరియా దేశంలో విషవాయువుకు బలైన పిల్లల శవాల బొమ్మలను, అవయవాలు తీసిన పిల్లలని చెప్పి ఇక్కడ పంచారు. బొమ్మ నిజమైనదే. దాని కింద రాసిన మాట అబద్ధం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఈ మోసాన్ని ముందుగా పసిగట్టగలిగేది ఎవరు? ఎంతో చదివిన వారేనా? చదువుకున్నవారే ఎక్కువగా పంపిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. తన చేత్తో ఒకసారి వీడియో తీసి, కత్తిరించి, అతికించినవారికి అనుమానం ముందుగా వస్తుంది. వంట చేసే చెయ్యికి కూరలో ఏం తగ్గిందో ముద్ద నోట పెట్టగానే తెలుస్తుంది. వీడియో అయినా అంతే. "ఇది ఇక్కడే ఎందుకు ఆగింది? దీనికి ముందు ఏముంది, తరువాత ఏముంది?" అని అడిగే అలవాటు ఉపన్యాసాలతో రాదు. పని చేస్తేనే వస్తుంది.

చూడమన్నారు, తీయడం నేర్పలేదు

మన పల్లెలకు టీవీ కొత్తది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు మన దేశంలో "సైట్" అనే గొప్ప ప్రయోగం జరిగింది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడిపిల్లల కోసం, సాయంత్రం ఊరి పెద్దల కోసం తెలుగులోనే కార్యక్రమాలు వచ్చేవి. కరెంటు దీపమే అపురూపమైన కాలంలో అది చిన్న మేలు కాదు. అయితే ఆ పిల్లలు కూర్చుని చూశారు, అంతే. బొమ్మ ఎలా తయారవుతుందో వారికి చూపినవారు లేరు. నలభై ఏళ్ల తరువాత కెమెరా ప్రతి ఇంటికీ వచ్చినప్పుడు కూడా మనం చూసేవారిగానే మిగిలిపోయాం.

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో బడులు మూతపడి ఉన్నప్పుడే దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. పాఠం కోసమని అప్పు చేసి ఫోను కొన్న కూలి కుటుంబాలు మనలో లేవా? పాఠాలు తిరిగి బడికి వెళ్లాయి, ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. దాన్ని పిల్లల చేతికి మనమే ఇచ్చాం. దాన్ని చదవడం మాత్రం నేర్పలేదు.

1982 జనవరిలో జర్మనీలోని గ్రూన్‌వాల్డ్ అనే ఊళ్లో యునెస్కో పిలుపు మీద 19 దేశాలవారు సమావేశమై, పత్రికలను, టీవీని, సినిమాను అర్థం చేసుకునే చదువు బడిలోనే మొదలు కావాలని ప్రకటించారు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 1987లో దీన్ని భాషా పాఠంలో చేర్చింది. కేరళలో 2018లో హైస్కూళ్లలో "లిటిల్ కైట్స్" అనే పిల్లల బృందాలు మొదలయ్యాయి. ఆ పిల్లలు బొమ్మలు కదిలించడం, వీడియోలు తీయడం నేర్చుకుంటారు. అదే ఏడాది కన్నూరు జిల్లా కలెక్టరు మీర్ మహమ్మద్ అలీ, ప్రభుత్వ బడుల్లో అబద్ధపు వార్తలను గుర్తించే తరగతులు పెట్టించారు. 2022లో ఆ రాష్ట్రం 5 నుంచి 10వ తరగతి వరకు 19.72 లక్షల మంది పిల్లలకు ఇలాంటి శిక్షణ ఇచ్చింది. 2024లో 5, 7 తరగతుల కంప్యూటరు పాఠ్యపుస్తకాల్లోనూ చేర్చింది.

పస్తాపూర్ తల్లులు

అది కేరళ, వారికి చదువు ఎక్కువ అంటారేమో. అయితే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌కు రండి. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని పేద మహిళలు, ఎక్కువమంది దళిత కుటుంబాల వారు, 1990ల చివరలో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వారిలో బడి ముఖం చూడనివారు ఉన్నారు. 2001లో వారిది కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడింది. జొన్నలు, కొర్రలు, విత్తనాలు, బీటీ పత్తి వేసి నష్టపోయిన రైతుల గోడు, అన్నీ వారే తీశారు. వారి చిత్రాలు విదేశాల్లో కూడా చూపించబడ్డాయి.

వారు కెమెరా భాషకు పెట్టుకున్న పేర్లు పెద్ద పెద్ద చదువులవారిని ఆశ్చర్యపరిచాయి. పై నుంచి కిందికి చూస్తూ తీస్తే దాన్ని "పటేల్ షాట్" అన్నారు. దొర అరుగు మీద నుంచి కూలివారిని చూసే చూపు అది. కింద నుంచి పైకి తీస్తే బానిస చూపు. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా పెట్టి తీస్తే "సంఘం షాట్". సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు గనుక. కెమెరా ఎక్కడ పెట్టామన్న దాంట్లోనే ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అన్న తీర్పు దాగి ఉంటుందని ఆ తల్లులు కనిపెట్టారు. వారు నేర్చుకున్నది మన ఏడో తరగతి పిల్లలు నేర్చుకోలేరా?

ఒక ఫోను, ఐదుగురు పిల్లలు

దీనికి కంప్యూటరు గది అక్కరలేదు. ఒక మాస్టారి ఫోను, ఐదుగురు పిల్లలు, వారానికి ఒక పీరియడు చాలు. వీడియో తీయడానికి, ముక్క కత్తిరించడానికి ఇప్పటి ఫోన్లలోనే ఏర్పాటు ఉంటుంది. నెట్ కూడా అవసరం లేదు. ఉపాధ్యాయులు గాని, సండేస్కూలు నడిపే యువకులు గాని చేయించగల అభ్యాసాలు కొన్ని ఇక్కడ ఇస్తున్నాం.

మొదటిది, ఒకే చోటు, రెండు వీడియోలు. కొల్లాపూర్ బస్టాండుకే తీసుకువెళ్లండి. ఒక జట్టు దాన్ని శుభ్రంగా, కళకళలాడుతూ కనిపించేలా ఒక నిమిషం తీయాలి. మరో జట్టు అదే సమయంలో చెత్తగా, దిక్కులేనట్టు కనిపించేలా తీయాలి. తరువాత రెండూ పక్కపక్కన చూపించండి. ఏదీ కల్పించలేదు, అయినా ఏదీ పూర్తి నిజం కాదు. ఫ్రేములో ఏం పెట్టాలి, ఏం వదలాలి అని ఎవరో ఎంచుకున్నారన్న సంగతి పిల్లలు జన్మలో మరచిపోరు.

రెండోది, కత్తెర పాఠం. మన కొల్లాపూర్ మామిడి పేరున్న పంట. ఒక తోట రైతును పలకరించి మాట్లాడించండి. "ఈ ఏడు పూత మస్తుగా వచ్చింది, కాని గాలివానకు సగం రాలిపోయింది, ఉన్న కాయకు మాత్రం ధర బాగానే ఉంది" అని ఆయన అన్నాడనుకోండి. మొదటి ముక్క ఒక్కటే ఉంచితే పంట బంగారం. నడిమి ముక్క ఉంచితే రైతు మునిగాడు. చివరి ముక్క ఉంచితే రైతు లాభాల్లో ఉన్నాడు. మూడూ ఆయన గొంతే, మూడూ ఆయన ముఖమే. పిల్లలే కత్తిరించి, పిల్లలే తరగతిలో చూపించి, ఆ తరువాత మొత్తం మాట వినిపించాలి. కరాచీ వీడియో రహస్యం వారికి అప్పుడు ఎవరూ చెప్పనక్కరలేదు.

మూడోది, మాట మార్చే పాఠం. కుళాయి దగ్గర వరుసలో నిలబడ్డ బిందెల వీడియో ఒకటి తీయించండి. దానికి "నీటి కరువుతో విలవిల" అని ఒక పేరు, "వరుస తప్పని ఊరు" అని ఇంకొక పేరు రాయించండి. ఒకసారి విషాద సంగీతం, ఒకసారి హుషారైన డప్పు పెట్టించండి. చూసేవారి మనసు ఎలా మారిందో అడగండి.

నాలుగోది కొంచెం పెద్దది. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ ఒడ్డున వందకు పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొల్లాపూర్ వైపు ఊళ్లూ అందులో ఉన్నాయి. ఆనాడు ఇల్లు విడిచివచ్చిన అవ్వలు, తాతలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఒకే ఊరి నుంచి ముగ్గురిని మాట్లాడించండి: భూమి ఉన్నవారు ఒకరు, కూలివారు ఒకరు, ఆనాడు చిన్నపిల్లగా ఉన్నవారు ఒకరు. ముగ్గురి మాటలూ ఒకేలా ఉండవు. ఎక్కడ కలిశాయి, ఎక్కడ వేరయ్యాయి, పాత కాగితాల్లో ఏముంది అని పిల్లలు పోల్చి చూడాలి. అబద్ధాన్ని పట్టుకోవడం కంటే కష్టమైన విద్య ఇది. నిజాన్ని ఓపికతో కూర్చుకోవడం ఇక్కడ నేర్చుకుంటారు. పైగా ఆ అవ్వ మాట ఆమెతోనే పోకుండా ఉంటుంది.

తల్లిదండ్రుల సందేహాలు

"పిల్లలు ఫోనుకు ఇంకా అలవాటు పడరా?" అని అడుగుతారు. గంటల తరబడి చూస్తూ కూర్చోవడం వేరు, ఒక నిమిషం వీడియో కోసం గంటసేపు ఆలోచించడం, నడవడం, పెద్దలతో మాట్లాడడం వేరు. పని అయ్యాక ఫోను మాస్టారి జేబులోకి వెళ్లాలి. ఇది మొదటి నియమం.

"ఆడపిల్లలకు ప్రమాదం కాదా?" ఇది తేలికగా తీసిపారేసే ప్రశ్న కాదు. గనుక కొన్ని నియమాలు గట్టిగా ఉండాలి. ప్రధానోపాధ్యాయుల, తల్లిదండ్రుల అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు. ఎవరినైనా అడిగిన తరువాతే తీయాలి, వద్దంటే ఆపాలి. తీసినది తరగతి గది దాటి పోకూడదు, ఏ గ్రూపులోనూ పెట్టకూడదు. ఏడుస్తున్నవారిని, దెబ్బలు తిన్నవారిని, చిన్న పిల్లల్ని తీయకూడదు. పని అయిపోయాక పిల్లల ముందే చెరిపివేయాలి. పెద్దల మాటలు దాచుకోవాలనుకుంటే వారి ఇష్టంతోనే దాచాలి. ఈ నియమాలు కూడా పాఠంలో భాగమే. అడగకుండా ఒకరి ముఖం తీయకూడదని పన్నెండేళ్లకు నేర్చుకున్న కుర్రవాడు ఇరవై ఏళ్లకు ఒక ఆడపిల్లను ఫోనుతో బెదిరించడు. ఇంకొక మాట. చాలా ఇళ్లలో ఫోను మగపిల్లవాడి చేతిలోనే ఉంటుంది. బడిలో ఆ కెమెరా ఆడపిల్లల చేతికీ వంతు ప్రకారం రావాలి.

"ఇప్పుడు యంత్రమే లేని మనిషిని పుట్టిస్తోంది, లేని మాట పలికిస్తోంది గదా, దానికి ఈ పాఠం ఏం చేస్తుంది?" అని యువకులు అడగవచ్చు. నిజమే, కృత్రిమ మేధతో తయారైన వీడియోలో కంటికి దొరికే తప్పులు తగ్గిపోతున్నాయి. అందుకే కంటిని ఒక్కదాన్నే నమ్మకుండా ప్రశ్నను నేర్పాలి. ఎవరు పంపారు? ఎప్పటిది? ఎక్కడిది? ఇది నేను నమ్మితే ఎవరికి లాభం, ఎవరికి దెబ్బ? యంత్రాలు మారినా ఈ ప్రశ్నలకు కాలం చెల్లదు.

సంఘానికి ఒక మాట

ఇది లోకస్థుల సంగతి, మనకెందుకు అనుకోకండి. ఆఫ్ఘనిస్తాన్‌లో మిషనరీలకు రేపే మరణశిక్ష, వెంటనే ప్రార్థించి అందరికీ పంపండి అనే సందేశం 2009 నుంచి ప్రపంచమంతా తిరుగుతోంది. అలాంటి తీర్పు ఎన్నడూ లేదు. 2007లో దక్షిణ కొరియా సంఘానికి చెందిన 23 మందిని తాలిబన్లు బంధించి ఇద్దరిని చంపిన మాట నిజం. ఆ నిజం నీడలో ఈ అబద్ధం పెరిగింది. 2021 ఆగస్టులో కాబూల్ పడిపోయినప్పుడు అంకె మార్చుకుని మళ్లీ వచ్చింది. ఎన్ని సంఘాలు మోకాళ్లూని ఏడ్చి ప్రార్థించాయో! ప్రార్థన వ్యర్థం కాదు. కాని అబద్ధాన్ని పంచిన చేయి, నిజంగా శ్రమలు పడుతున్నవారి మొర వచ్చిన రోజున లోకం నమ్మకుండా చేస్తుంది. "తోడేలు వచ్చె" అని అరిచిన గొర్రెల కాపరి కుర్రవాడి కథ మనకు తెలిసిందే.

పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ మన బిడ్డలకు కంఠతా వచ్చు. ఒక వీడియోను చూడకుండానే, అడగకుండానే పంపడం కూడా సాక్ష్యం పలకడమే అని వారికి ఎవరు చెబుతున్నారు? బెరయ పట్టణస్థులు అపొస్తలుడు చెప్పిన మాటనే లేఖనాలతో పోల్చి పరిశీలించారు. అందుకు వారు మెప్పు పొందారే గాని మందలింపు పొందలేదు. పరిశీలించడం అవిశ్వాసం కాదు, వివేచన.

గనుక ఉపాధ్యాయులైన పాఠకులు వచ్చే నెలలో ఒక్క పీరియడు దీనికి కేటాయించి చూడండి. సండేస్కూలు టీచర్లు కత్తెర పాఠంతో మొదలుపెట్టండి. తల్లిదండ్రులు ఈ రాత్రే మీ ఫోనుకు వచ్చిన ఏదో ఒక వీడియోను బిడ్డ చేతికిచ్చి, "దీనికి ముందు ఏమై ఉంటుంది, తరువాత ఏమై ఉంటుంది, తీసినవారెవరై ఉంటారు?" అని అడగండి. జవాబు దొరకకపోతే ఫరవాలేదు. దొరికేవరకు దాన్ని ఇంకొకరికి పంపకుండా ఉండండి. ఎక్కడో ఒక ఊళ్లో, దారిన పోయే ఒక బాటసారి ప్రాణం దాని మీదే ఆధారపడి ఉండవచ్చు.